కోతలైపోయాక మోగిన డబ్బాలు

సిరోంచ నుంచి బామ్ని దాటి అడవి అంచు ఊరికి పోయే దారిలో సమ్మయ్య పొలం ఉంది. పొలంలో ఒక మంచె. పొద్దుగూకాక ఆ దారిన పోవద్దని ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు... అడక్కపోయినా చెబుతారు.

ఇటువైపు మంచెల మీంచి పొలం మూలలకు తాళ్లు లాగి, వాటికి ఖాళీ నూనె డబ్బాలు వేలాడదీస్తారు. కాపలా మనిషి పైన పడుకునే తాడు గుంజుతాడు. డబ్బాలు మోగుతాయి, అడవిపందులు పరుగు పెడతాయి. ఇందులో వింతేమీ లేదు.

వింతేమిటంటే — ఆ ఏడు కోతలైపోయాయి. వడ్లు ఇళ్లకు చేరాయి. పొలంలో వరి కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు. అయినా రాత్రిళ్లు డబ్బాలు మోగుతున్నాయి...

మొదట దెయ్యమన్నది సమ్మయ్యే. "కాల్పుల్ల సచ్చినోల్లు తిరుగుతున్నరు. నా కండ్లార సూసిన. అటు ఎవ్వలు పోకుండ్రి." పొలం ఆయనది, మంచె ఆయనది. ఇక వేరే సాక్ష్యం ఎందుకు? ఊరు ఊరంతా నమ్మింది.

కాల్పులు జరిగిన మాట నిజమే. అడవిలో నక్సలైట్లకు, పోలీసులకు ఎదురుకాల్పులై, శవాలను సిరోంచ దవాఖానాకు తెచ్చారు. సమ్మయ్య అక్క సారక్క పరుగున పోయింది. ఆమె కొడుకు భీమ్‌రావు కాలేజీ మానేసి దళంలోకి పోయి ఏళ్లయింది. ఒక్కో మొహం మీద గుడ్డ తీసి చూసింది. కొడుకు లేడు. ఇంటికొచ్చి, చాన్నాళ్ల తర్వాత కడుపునిండా తిన్నదట. అక్కడ ఇంకో తల్లి నేలమీద పడి ఏడుస్తుంటే ఈమెకు ఆకలైంది. తల్లి ప్రాణం, ఏమంటాం.

డబ్బాల చప్పుడుకు మాత్రం వణికిపోయేది. గోడకు అంబేద్కర్ పటం, గుమ్మానికి వేపమండలు! మోత మొదలవగానే గడియ పెట్టి, పొయ్యిలో ఎండుమిరపకాయలు వేసి, "ఏడికెల్లి వచ్చినవో ఆడికే పో" అని తిట్టేది.

ఇదంతా నాకు చెప్పినవాడు సిరోంచలో మోటార్లు బాగుచేసే జలీల్. ఒక రాత్రి ఆ ఊళ్లో బోరు మోటారు పని ముగించి బైకు ఎక్కుతుంటే సారక్క ఎదురొచ్చింది.

"జలీల్ భాయ్, జర పైలం. మంచె కాడ ఆగకు. ఎవలు పిల్సినా ఎనక్కి సూడకు."

"నాకేంది అక్కా! దెయ్యాల మోటర్లు గూడ నేనే బాగుజేస్త" అన్నాడట.

మాటలు కోటలు దాటాయి. పొలం గట్టు దగ్గరికి వచ్చేసరికి చూపు పక్కకు తిప్పకుండా బైకు నడిపాడు.

గణ్... గణ్...

గాలి లేదు. ఆకు కదలడం లేదు. బైకు లైటులో తాడు కనిపించింది — బిగుసుకుంటోంది... వదులవుతోంది... మళ్లీ బిగుసుకుంటోంది...

ఎవరో గుంజుతున్నారు.

పారిపోదామనే అనుకున్నాడట. కానీ ఆ గుంజడంలో బలం లేదు. "దెయ్యమైతే గంత నీరసం ఎందుకుంటది, చెప్పు!" అని నన్నే అడిగాడు. అల్లాను తలుచుకుంటూ నిచ్చెన ఎక్కాడు.

గడ్డిలో ఒక మనిషి. కాలికి చుట్టిన గుడ్డ నల్లబడిపోయింది. కుళ్లు వాసన. తాడు మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఫోన్ వెలుతురు మొహాన పడగానే ఆ మనిషి కళ్లు సగం తెరిచాడు.

"మామా..." పెదవులు కదిలాయి. "వచ్చినవా...?"

జలీల్ తన సీసాలోని నీళ్లు నోట్లో పోశాడు. సగం బయటికే కారాయి. ఫోనుకు సిగ్నల్ లేదు. ఒక్కడే మోసుకుని దిగలేడు. బైకు తిప్పి ఊళ్లోకి వచ్చి, సారక్క తలుపు బాదాడు.

లోపల మిరపకాయల ఘాటు. తలుపు తీయదు.

"అక్కా, నేను జలీల్‌ని! ఆడ దెయ్యం కాదు, మనిషి! దెబ్బ తాకింది. మంచం తియ్యి, మోసుకొద్దాం!"

గడియ తీసింది. అదెవరో, ఏ తల్లి బిడ్డో ఆమెకు తెలియదు. అయినా చెంబెడు నీళ్లు పట్టుకుని బయటికొచ్చింది. పక్కింటి వాకిట్లో సమ్మయ్య అప్పటికే నిలబడి ఉన్నాడు.

"అక్కా... నువ్వు రాకు."

"ఎందుకురా తమ్మీ? ఎవలో పాపం..."

"పాణముంది, మాట్లాడిండు గూడ" అన్నాడు జలీల్. "నన్ను జూసి ఎవలనుకున్నడో, మామా అని పిల్సిండు."

సారక్క కాళ్లు ఆగిపోయాయి. మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది. సమ్మయ్యకు ఒక్కతే అక్క. ఆ అక్కకు ఒక్కడే కొడుకు. సమ్మయ్య తల దించుకున్నాడు.

ఆమె చెంబు పట్టుకునే చీకట్లో పడి పరుగెత్తింది. వాళ్లు వెళ్లేసరికి తాడు కదలడం లేదు. కొడుకు చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

సమ్మయ్య మంచె ఎక్కలేదు. కిందే నిలబడి గొణిగాడు.

"తూటా తాకి నా కాడికే వచ్చిండు అక్కా. ఏమన్న కావాల్నంటె తాడు గుంజుమన్న. జనం రావద్దని దెయ్యం మాట పుట్టిచ్చిన. మంచిగ దాసుదామనే... మల్ల జర ముంగట దారిల చెక్‌పోస్ట్ పడ్డది. నన్ను గూడ లోపలేస్తరని భయమైంది. ఇగ పోవుడు బంద్ జేసిన."

"నాకెందుకు చెప్పలేదురా?"

మేనల్లుడికి అన్నం బంద్ చేశాడు, నీళ్లు బంద్ చేశాడు, దెయ్యం మాట మాత్రం బంద్ చేయలేదు. రోజూ పొద్దుగూకగానే అక్క వాకిట్లోకొచ్చి, గడియ గట్టిగా పెట్టుకోమని చెప్పిపోయేవాడు. జలీల్ ఈ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

తెల్లారాక పోలీసులు వచ్చారు. జనాన్ని గట్టు మీదికి పంపి, శవాన్ని దించి, పంచనామా మొదలుపెట్టారు. సారక్క ఆడవాళ్ల నడుమ కూర్చుని ఉంది. ఈ మనిషి ఎవరికైనా తెలుసా అని అధికారి అడిగాడు. పొలం ఆయనది కాబట్టి ముందు సమ్మయ్యనే పిలిచారు.

సమ్మయ్య మేనల్లుడి మొహం చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"తెల్వదు సాబ్. ఎన్నడు సూడలే."

సారక్క లేచింది. పట్టుకున్న చేతులు విడిపించుకుని శవం దగ్గరికి నడిచింది.

"నా కొడుకు సాబ్. పేరు భీమ్‌రావు. దినాం రాత్రి పిలిస్తే తలుపేసుకున్న తల్లిని నేనే. గీన వాని మేనమామ... అది గూడ రాసుకోండ్రి."