కాలని పోచమ్మ పటం

కరీంనగర్‌లో డిటెక్టివ్ పరశురాములు ముక్కు సంగతి తెలియనోళ్లు లేరు. ఆదిలాబాద్ మిల్లుల పత్తి తడిస్తే ఇక్కడ తుమ్ముతడంటరు. అసిస్టెంట్ స్పందన ఆ మాట నమ్మి, ఆయన తుమ్మినప్పుడల్లా తారీఖు రాసిపెట్టేది.

ఆ పొద్దు రోజారాణి ఉరుక్కుంట వచ్చింది. ఆమె బాపు దేవదాస్ లారీ డ్రైవర్. హుజూరాబాద్ రోడ్డు మీది కంపెనీ షెడ్డులో, నిన్న అందరూ అన్నం తినే యాల్ల, ఆయన లారీ కాలిపోయింది. సాయంత్రంలోగా బాపును జైల్లో వేస్తరట.

పోయిన నెల ఆ లారీకే బ్రేకు పడక క్లీనర్ ముత్యం చచ్చిపోయిండు. బ్రేకు ముందే బాగుచేయించినమని జనరల్ మేనేజర్ ప్రేమ్‌సాగర్ కాగితం రాసిండు. అబద్ధమని దేవదాస్ లొల్లి పెట్టిండు. లారీని చూడ అధికారి తెల్లారి వస్తడనంగ మంట లేచింది. బ్రేకు బాగనే ఉందని తేలితే తప్పు తన మీదికొస్తదని దేవదాసే కాల్చిండని ప్రేమ్‌సాగర్ వాదన.

పరశురాములు షెడ్డంతా తిరిగిండు. తలుపును తాళంచెవితోనే తీసిండ్రు. చెవులు రెండే, ఒకటి దేవదాస్ దగ్గర, ఒకటి ప్రేమ్‌సాగర్ సొరుగులో. లారీ క్యాబిన్‌లో ఉండాల్సిన పోచమ్మ పటం షెడ్డు గోడ మీద భద్రంగ ఉంది. బూడిదలో మాత్రం ఇత్తడి సిలువ దొరికింది, రోజారాణి చిన్నప్పుడు బాపు కోసం క్యాబిన్‌లో కట్టింది.

"అమ్మవారిని కాల్చబుద్ధి కాలే డ్రైవర్‌కు," అన్నడు ప్రేమ్‌సాగర్.

పరశురాములు అందరినీ యజమాని సరోజనమ్మ గదిలో కూసోబెట్టిండు. వచ్చే వారం ప్రేమ్‌సాగర్‌ను డైరెక్టర్ చేద్దామనుకున్నది ఆమెనే.

"దేవదాసే కాలిస్తే, బిడ్డ కట్టిన సిలువను వదిలి పోచమ్మను ఎందుకు దించుతడమ్మా? లారీల పొద్దున లేవంగనే పటం తుడిచి ఊదుబత్తి ముట్టిచ్చుడు క్లీనర్ పని. ముత్యం లేడు. రెండో చెవి ఉన్నాయన ఒకప్పుడు దేవదాస్ దగ్గర ఐదేండ్లు క్లీనరే. సూటు తొడిగినా చెయ్యి మరువలే."

ఆ మాటంటనే పరశురాములు వెంట తెచ్చిన పటాన్ని నేల మీద పెట్టి, పక్కనే బూటు కాలు ఆనిచ్చిండు. ప్రేమ్‌సాగర్ గబుక్కున వంగి పటం ఎత్తుకొని, రుమాలుతో తుడిచిండు. తుడుస్తుంటనే ఆగిపోయిండు.

సరోజనమ్మ పోలీసులకు ఫోన్ కలిపింది.

"ఉస్తాద్," అన్నడు ప్రేమ్‌సాగర్, దేవదాస్ దిక్కు చూడకుంటనే. "గా అధికారి బ్రేకు చూస్తే నా ఇరువై ఏండ్ల కష్టం మట్టిల కలుస్తుండె."

దేవదాస్ లేచి బిడ్డ చెయ్యి పట్టుకున్నడు.

"ముత్యం బతికిందే పందొమ్మిదేండ్లు ర," అన్నడు.