మోగని గంట

ఉదయం ఎనిమిదిన్నరకు అమ్మాన్‌లో, ఒక హోటల్ లాండ్రీ గదిలో ఏజెంట్ గోపాల్ గొంతు కోశారు. అరగంట ముందే బీరన్నతో కలిసి టీ తాగి, సగం బిస్కట్ వదిలేసి వెళ్లిన మనిషి.

ఆ కబురు బీరన్నకు అందేసరికి టూరిస్టు బస్సు జెరాష్ చేరింది. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ శిథిలాలు, మండే ఎండ, ఫోటోల గోల. బీరన్నది రిటైర్డ్ హెడ్‌మాస్టర్ వేషం. నెరిసిన విగ్గు, చేతికర్ర, చెవిలో హియరింగ్ ఎయిడ్. అందులోంచి చీఫ్ తాజుద్దీన్ గొంతు పలికింది.

"గోపాల్ పోయిండు బీరన్నా. ఏడ్వనీకి టైమ్ లేదు."

"ఎవలు సాబ్?"

"వాడు లాండ్రీ గదికి వస్తడని ముగ్గురికే ఎరుక. వాడు, నువ్వు, స్వర్ణ."

బీరన్న గుండె భగ్గుమంది. స్వర్ణ వాళ్ల లోకల్ కాంటాక్ట్. ఈ రోజుకు గైడ్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్. ఆమె నవ్వుకు బస్సులో సగం మంది శిథిలాల సంగతే మరిచారు. ఇప్పుడామె డాక్టర్ స్నేహలత చెయ్యి పట్టుకుని స్తంభాల మధ్య తిప్పుతోంది.

స్నేహలత పానగల్ ఆడపడుచు, పేరున్న కోడ్‌బ్రేకర్. కాన్ఫరెన్స్ పేరుతో వచ్చి, ఆయుధాల ముఠా వాడే సైఫర్ కీని ఛేదించింది. ఆ కీ కాగితం మీద లేదు, ఆమె తలలోనే ఉంది. రేపు ఢిల్లీలో అది చెబితే ముఠా మొత్తం దొరుకుతుంది. ఇవాళ ఆమె చస్తే కీ కూడా ఆమెతోనే పోతుంది.

"మేడంను పానంతోటి తీస్కరా," అన్నాడు తాజుద్దీన్. "తక్కినది తర్వాత."

బీరన్న కర్ర ఊపుకుంటూ వెళ్లి స్వర్ణ పక్కన నిలబడ్డాడు.

"కొల్లాపూర్ మామిడి వచ్చిందా అమ్మా?"

"ఇంకా పూతలోనే ఉంది సార్," అందామె తడుముకోకుండా. కోడ్ సరిపోయింది. కానీ స్కార్ఫ్ అంచున ఏదో తడి ఎండి బిరుసెక్కింది. అది గోపాల్ రక్తమే. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటే ఇదే.

"నీళ్లు తెస్తాను. మేడం, ఇక్కడే ఉండండి," అని స్వర్ణ దూరంగా ఉన్న తోరణం వైపు నడిచింది.

"మేడం, బస్సు ఎక్కుదాం పాండ్రి."

"జర ఆగన్నా. రాళ్ల గుళ్ల మధ్య పెరిగినదాన్ని, ఉత్తగ పోతనా? గీ స్తంభం గాలికి కదులుతదట, కింద సందుల స్పూన్ పెడితే అది ఊగుతదట!"

అప్పుడే గుట్ట దిగి ఒక గొర్రెల మంద వచ్చింది. వెనక నుంచి కాపరి కర్రతో అదిలిస్తూ తోలుకొస్తున్నాడు. బీరన్నకు ప్రాణం లేచొచ్చింది. కొత్తకోట దగ్గర బాపు అచ్చం ఇట్లాగే మందను తోలేవాడు. కాపరికి తల ఊపి పలకరించాడు కూడా. స్నేహలత బిస్కట్ చాచింది. ముందున్న పొట్టేలు అటు తిరిగింది. దాని మెడలో చెంబంత గంట. తల ఊగుతోంది, గంట మాత్రం మోగడం లేదు.

లోపల నాలుక బదులు బాంబు ఉందని బీరన్నకు అర్థమైంది. తోవలో బస్సు కిటికీలోంచి నాలుగు మందలు చూశాడు. నాలుగింటిలోనూ కాపరి ముందు నడిచాడు, గొర్రెలు వెనక వచ్చాయి. ఈ దేశంలో మందను వెనక నుంచి తోలేవాడు కాపరి కాడు. గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు తను వాణ్ణి నమ్మాడు.

వాడు పిస్టల్ తీశాడు. గుండు బీరన్న ఎడమ భుజాన్ని చీల్చుకుపోయింది. బీరన్న ఆగలేదు. చేతికర్ర పిడి తిప్పి లోపలి కత్తి లాగి వాడి గొంతులో దించాడు. వాడు బుడగలు కక్కుతూ పడ్డాడు. వాడి కోటు వీపున అంతకుముందే ఎండిన రక్తం ఉంది. అసలు కాపరిని చంపి తొడుక్కున్నది.

బీరన్న ఆ కోటు లాగి భుజాన వేసుకున్నాడు. పొట్టేలుకు ముందు నిలబడి, తోరణం వైపు నడక సాగించాడు. కోటుకున్న అసలు కాపరి వాసన పట్టి పొట్టేలు కదిలింది, దాని వెనక మందంతా కదిలింది.

తోరణం దగ్గర స్వర్ణ చేతిలో ఫోన్ ఉంది. బాంబు తన మీదికే వస్తుంటే బటన్ ఎలా నొక్కుతుంది? పిస్టల్ తీసి కాల్చింది. బీరన్న తొడ పగిలింది, మోకాళ్ల మీద కూలాడు. పొట్టేలు వచ్చి అతని మీద వాలింది. స్వర్ణ వెనక్కి పరుగెత్తి తోరణం కిందికి చేరింది.

"అన్నా!" స్నేహలత అతని వైపే ఉరికి వస్తోంది.

"రాకుండ్రి మేడం! బాంబు!"

ఆమె ఆగలేదు. ఇద్దరూ ఒకేచోట దొరికారని స్వర్ణ నవ్వింది. బొటనవేలు లేపింది.

బీరన్న కత్తితో పొట్టేలు మెడలో గంట వేలాడే పటకా కోశాడు. గంటను ఒడిసెల తిప్పినట్టు ఒక్క చుట్టు తిప్పి విసిరాడు. స్నేహలత కాళ్లు లాగి కింద పడేసి, మీద పడ్డాడు. స్వర్ణ వేలు అప్పటికే దిగింది, ఫోన్ సిగ్నల్ అందడానికి ఒక క్షణం పట్టింది. గంట ఆమె పాదాల దగ్గర పడింది.

తోరణం సగం లేచిపోయింది. రాళ్లు, దుమ్ము, ఎర్ర గుడ్డ పేలికలు కురిశాయి. స్వర్ణ అన్న మనిషి మిగల్లేదు. గోపాల్ గుర్తొచ్చి బీరన్న కళ్లు నిండాయి.

"కీ యాదున్నదా మేడం?"

"అచ్చరంతో సహా," అంటూ ఆమె చున్నీతో అతని తొడ బిగించి కట్టింది. 

ఈల ఊదుతూ సైట్ గార్డు పరుగెత్తుకొచ్చాడు. బీరన్నను చుట్టుకుని నిలబడ్డ ఇరవై గొర్రెలను చూసి ఇంగ్లీషులో అరిచాడు: లోపలికి పశువులు నిషేధం, ఎవరివివి?

పొద్దున్నుంచి పేరు, వయసు, ఉద్యోగం అన్నీ అబద్ధాలే చెప్పి బీరన్న అలసిపోయాడు.

"నావే," అన్నాడు.