దయాకర్ దారిలో ఉన్నాడు

నాచారంలో మిల్లు మలుపు ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. చీకటి పడ్డాక అటు తీసుకెళ్లమని అడిగితే మాత్రం ఒక్కరూ రారు.

ఎప్పుడో మూతపడ్డ దారం మిల్లు అది. దాని వెనక ప్రహరీ గోడ వెంబడి ఒక సన్న రోడ్డు, ఆ రోడ్డు మధ్యలో మలుపు. వీధి దీపం స్తంభం ఉంది కానీ దీపం వెలగదు. ఎన్నిసార్లు బల్బు మార్చినా వారం తిరక్కుండానే పోతుంది.

ఆ చోటికి చెడ్డపేరు తెచ్చింది మనుషులు కాదు, ఫోన్లు. పూర్వం దెయ్యాలు చెట్టో పుట్టో చూసుకుని ఉండేవి, ఇప్పుడు వాటికీ సిగ్నల్ కావాలి కాబోలు! మా బిల్డింగులో పాలకి ఒక యాప్, కొత్తిమీరకి ఒక యాప్, కింద గేటు తీయించుకోవడానికి ఇంకో యాప్. నోటితో ఒక మాట అంటే అయిపోయే పనికి కూడా వేలితో నొక్కందే తోచదు మాకు. అలాంటి చోట దెయ్యం యాప్‌లో కాక ఇంకెక్కడ కనబడుతుంది?

టూవీలర్ బుక్ చేద్దామని యాప్ తెరిస్తే, చుట్టుపక్కల బళ్లన్నీ మ్యాపు మీద చీమల్లా కదులుతుంటాయి కదా. పొద్దు గూకే వేళకి మిల్లు మలుపులో కూడా ఒక చిన్న బండి బొమ్మ వచ్చి నిలబడుతుంది. కదలదు... గోడకి ఆనుకున్నట్టు అలాగే ఉంటుంది. కాసేపటికి మాయమవుతుంది. చూసొద్దామని ధైర్యం చేసి వెళ్లినవాళ్లకి అక్కడ బండీ కనబడలేదు, మనిషీ కనబడలేదు.

బండి నడిపే కుర్రాళ్లు ఆ దారిన పోవాల్సొస్తే మలుపు ముందు రెండుసార్లు హారన్ కొడతారు. ఎందుకని ఒకణ్ణి అడిగాను. "ఉన్నోళ్లకు జెప్పి పోవాలె గద సార్," అన్నాడు, చాలా మామూలుగా.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఓ ఆదివారం పగటిపూట వెళ్లి చూసొచ్చాను కూడా. కొత్తగా సున్నం కొట్టిన గోడ. మనిషి ఆకారంలో మరకేమైనా ఉందేమో, పగులేమైనా ఉందేమో అని దగ్గరికెళ్లి తడిమి మరీ చూశాను. ఏమీ లేదు. నమ్మకం లేదన్నాను కానీ, సాయంత్రం కూరగాయలకి వెళ్లాలంటే ఇప్పటికీ చుట్టు తిరిగే వెళ్తాను.

ఇప్పుడు చెప్పబోయేది మా పై పోర్షన్ హిమజ నాకు చెప్పింది.

హిమజది సామర్లకోట. ఉప్పల్‌లో కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. గట్టి పిల్ల. బల్లి మీద పడితే దులిపేసుకుని, పోపు మాడకుండా చూసుకునే రకం. ఆ పిల్ల ఇది చెబుతున్నంతసేపూ చేతిలో టీ తాగలేదు, కప్పు కింద పెట్టలేదు.

ఆ రోజు స్టేడియంలో మ్యాచ్. ఉప్పల్ అంతా జనం. ఆటోవాళ్లు తల తిప్పి చూడటం లేదు. బస్సులు రింగ్ రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. పైన మబ్బు, అకాల వాన వచ్చేట్టుంది. షాపు మూసి హిమజ మెట్రో స్తంభం కింద నిలబడి బండి కోసం యాప్ నొక్కుతూనే ఉంది. ఒప్పుకున్నవాడు లేడు... నొక్కగా నొక్కగా ఒకే ఒక్కడు ఒప్పుకున్నాడు.

'దయాకర్ దారిలో ఉన్నాడు' అని వచ్చింది.

ఫోటోలో సన్న మీసం, నవ్వు మొహం. మంచి రేటింగు. హమ్మయ్య అనుకుంది.

బండి వచ్చి ఆగింది. రైనుకోటు, నిండా దిగిన హెల్మెట్, దాని అద్దం కూడా కిందికి దించేసి ఉంది. రైడర్ ఒక్క మాట మాట్లాడలేదు. ఓటీపీ కోసం హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌ని వేలితో చూపించాడు. హిమజ అంకెలు చెప్పి, వెనకెక్కింది. ఆమె బరువుకి బండి వెనక స్ప్రింగు కిర్రుమంది. పాత బండి పాపం అనుకుంది.

కూర్చోగానే చేసిన పని — ట్రిప్ షేర్ చేయడం. అది మా ఇంటి ఓనరు తారామణమ్మ పెట్టిన రూలు. బిల్డింగులో ఏ ఆడపిల్ల చీకటి పడ్డాక బండెక్కినా ఆవిడ ఫోన్‌కి లింకు పంపాలి. రైడర్ పేరు, ఫోటో, బండి ఎక్కడుందీ, అన్నీ ఆవిడకి కనబడాలి. లింకు పంపకపోతే మర్నాడు పొద్దున్న నీళ్ల మోటారు దగ్గర అందరి ముందూ కడిగేస్తుంది.

ఉప్పల్ దాటారు. ఇండస్ట్రియల్ ఏరియాలోకి వచ్చేసరికి జనం పలచబడ్డారు. షెడ్లన్నీ మూసి ఉన్నాయి. అప్పుడు హిమజ చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ టింగుమంది. తారామణమ్మ వాయిస్ మెసేజ్.

ఎప్పుడూ గొంతు చించుకునే మనిషి... గుసగుసలాడుతోంది.

"హిమజా... బిడ్డా... జర మెల్లగ ఇను. గా ఫోటోల ఉన్నోడు దయాకర్. నన్ను దవాఖానకు తీస్కపోతుండె సూడు, గాయ్ననే. పోయిన వానకాలం మిల్లు మలుపు కాడ లారీ గుద్ది సచ్చిపోయిండు బిడ్డా. నేను పోయి సూసొచ్చిన. నువ్వు... ఎవని బండెక్కినవే?"

హిమజ ఆ మెసేజ్ రెండోసారి వినలేదు. వినాల్సిన అవసరం లేకపోయింది.

ముందు కూర్చున్న మనిషి వీపు చూసింది. రైనుకోటు గాలికి ఉబ్బుతోంది. లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియడం లేదు. వంటి మీద చెయ్యి వేసి చూద్దామంటే... చెయ్యి రాలేదు.

"అన్నా, ఇక్కడ ఆపెయ్యండి... నేను దిగిపోతాను."

బండి ఆగలేదు.

యాప్ తెరిచింది. 'సహాయం' నొక్కింది. కింద నాలుగైదు ఫిర్యాదులు వచ్చాయి. అందులో ఒకటి — 'నడుపుతున్నది ఫోటోలోని వ్యక్తి కాదు'. అది నొక్కేసింది. చచ్చినవాడి మీద పెట్టడానికి అంతకంటే దగ్గరి ఫిర్యాదు యాప్‌లో లేదు మరి.

మరుక్షణం హ్యాండిల్ మీద ఉన్న ఫోన్ కీచుమని అరిచింది. తెర మొత్తం ఎర్రగా వెలిగింది.

రైడర్ తల వంచి దాన్ని చూశాడు. వెంటనే బండి వేగం పెంచాడు.

"అన్నా! ఆపండి!"

బండి మెయిన్ రోడ్డు వదిలేసింది. ఎడమకి తిరిగింది. పక్కన పొడుగాటి తెల్లగోడ మొదలైంది... హిమజకి ఆ గోడ తెలుసు. దీపం లేని ఆ స్తంభం తెలుసు. అందరూ హారన్ కొట్టే చోటు వచ్చింది. ఈ బండి కొట్టలేదు.

మలుపులో ఆగింది. ఇంజను కూడా ఆగింది.

రైడర్ దిగి, హెల్మెట్ తీశాడు.

"కంప్లైంట్ గొట్టినవా, అక్కా?"

ఆడగొంతు.

ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జుట్టు బిగించి ముడేసుకుంది. నుదుటి మీద హెల్మెట్ ఒత్తుకుపోయిన గీత. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. అది చూశాక హిమజకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దెయ్యాలు ఎక్కడైనా భయపడతాయా?

"మీరు... ఎవరండీ?"

"సంతోషిని. దయాకర్ భార్యను."

ఎర్రటి తెర మీద అంకెలు తరిగిపోతున్నాయి. సంతోషి వాటిని చూస్తూనే గబగబా చెప్పింది.

"యాప్‌ల ఐడీ ఆయన పేరు మీద ఉన్నది. బండి గూడ ఆయనదే. నా పేరు మీద కొత్తది ఇయ్యున్రి అంటె, గీ కాయితం దే, గా కాయితం దే అని తిప్పుతున్నరు. గప్పటి దాక పిల్లలకేం బెట్టాలె? ఆయన సచ్చిపోయిండని యాప్‌కు ఎవలు జెప్పాలె అక్కా? నేనే జెప్పాలె. నేను జెప్పలే."

అందుకే మాట్లాడదట. గొంతు వింటే ఆడమనిషని తెలిసిపోతుంది, ఫోటోలో మగవాడున్నాడు కదా అని ఎవరైనా ఫిర్యాదు చేస్తారు. చేస్తే, రోజూ పనికి ముందు అడిగినట్టే, యాప్ ఉన్నపళంగా రైడర్ మొహం ఫోటో అడుగుతుంది. కలవకపోతే ఐడీ శాశ్వతంగా బంద్.

హిమజకి తను ఏం చేసిందో అప్పుడు తెలిసింది. పిల్లల తల్లి పొట్టమీద కొట్టింది, ఒక్క వేలితో.

"అయ్యో... నాకు తెలియదండీ. వెనక్కి తీసుకుంటాను, ఉండండి..."

తీసుకోవడానికి ఏమీ లేదు. 'మీ భద్రతే మాకు ముఖ్యం' అని రాసుంది అక్కడ. అంతే.

"ఫికర్ జెయ్యకు," అంది సంతోషి. "గందుకే జల్దిగ గీడికి తెచ్చిన."

"ఇక్కడికా? ఫోటో ఎక్కడ దిగితే ఏంటి? దొరికిపోతారు కదా!"

"గీడ దొరకను."

సంతోషి హ్యాండిల్ నుంచి ఫోన్ విప్పింది. గొంతు బాగా తగ్గించింది.

"ఆయన పోయినంక గీడ పూలు బెడ్దామని వచ్చిన. ఆయన ఫోన్ నా చేతులనే ఉండె. ఫోటో అడిగింది. నాకేం తెల్సు, ఒత్తిన... ఒప్పుకున్నది. ఇంటి కాడ ఒత్తితె ఒప్పుకోదు. బస్ డిపో కాడ ఒప్పుకోదు. గీడనే ఒప్పుకుంటది. గందుకే రోజు పొద్దుగూకంగ గీడికొస్త, ఫోటో దిగుత, పనికి వోత."

హిమజకి నవ్వొచ్చింది. నిజంగానే వచ్చిందట. కాలనీ కాలనీ అంతా ఇన్నాళ్లూ వణికింది ఈ పిల్లని చూసా! మ్యాపులో నిలబడే బండి ఈమెది. చూద్దామని జనం వచ్చేలోపు ఈమె పనికి వెళ్లిపోతుంది. ఇక ఫోటో సంగతంటారా... యాప్ అన్నాక పొరపాట్లు చేయదా? చీకట్లో ఆ కెమెరాకి ఏం కనబడిందో ఏమో. గోడ మీద ఏ మరకో చూసి మొహం అనుకుంటోందేమో.

"తొందరగా దిగండి, టైం అయిపోతోంది," అంది హిమజ. ఇప్పుడు ఆమె భయమంతా ఆ ఐడీ గురించే.

సంతోషి గోడకి వీపు పెట్టి నిలబడింది. ఫోన్ మొహానికి ఎదురుగా పట్టుకుంది. హిమజ వెళ్లి పక్కన నిలబడి తెరలోకి చూసింది.

తెర వెలుగులో సంతోషి మొహం కనిపించింది. వెనక తెల్లగోడ. మొహాన్ని వెతికే పచ్చటి గీత ఒకటి గుండ్రంగా వచ్చి, సంతోషి మొహం మీద ఒక్క క్షణం ఆగింది. 'ముఖం కలవలేదు' అంది.

"అయిపోయింది..." అంది హిమజ.

"ష్... ఉండు. వస్తడు."

పచ్చ గీత మెల్లగా కదిలింది. సంతోషి మొహాన్ని వదిలేసి పక్కకి జరిగింది. ఆమె కుడి భుజం మీదుగా, కొంచెం పైన, ఏమీ లేని గోడ మీద ఆగింది.

మనిషి భుజం మీద గడ్డం ఆనించి నిలబడితే మొహం ఎక్కడుంటుందో, సరిగ్గా అక్కడ.

'ఒకసారి కళ్లు మూసి తెరవండి,' అని ఫోన్ అడిగింది.

సంతోషి రెప్ప వేయలేదు. కళ్లనిండా నీళ్లు. రెప్ప వేస్తే ఎక్కడ పోతాడో అన్నట్టు తెరలో తన భుజం వైపే చూస్తోంది. హిమజ ఆమె రెండు కళ్లనీ చూస్తూనే ఉంది. అవి తెరిచే ఉన్నాయి... తెరిచే ఉన్నాయి...

'ధన్యవాదాలు, దయాకర్.'

ఎర్ర తెర పోయింది. మ్యాపు వచ్చింది. ఇంటికి దారి చూపిస్తూ నీలం గీత వచ్చింది.

సంతోషి కళ్లు తుడుచుకుంది. హెల్మెట్ పెట్టుకుని బండెక్కింది. స్ప్రింగు కిర్రుమంది.

హిమజకి పరుగెత్తాలని ఉంది. ఎటు? అటూ ఇటూ గోడే. పైనుంచి చినుకులు మొదలయ్యాయి. చేసేది లేక వచ్చి, ఎప్పటిలాగే వెనక్కి జరిగి, చివరన కూర్చుంది. స్ప్రింగు మళ్లీ కిర్రుమంది.

బండి కదల్లేదు.

"అక్కా," అంది సంతోషి, తల తిప్పకుండా, ఎంతో మామూలుగా. "జర ముందుకు జరిగి కూసో. మా ఇల్లు మల్లాపూర్ల, నిన్ను దింపి గాడికే వోత. గీడికెళ్లి ఇంటి దాక ఆయన గూడ వస్తడు."

హిమజ కళ్లు మూసుకుని ముందుకు జరిగింది.

వెనక స్ప్రింగు కిర్రుమంది.