గడప దాటని అమ్మ

శాసనసభ్యుడిగారింట్లో ఆ ఉదయం హడావుడంతా వంటింట్లోనే. ప్రచార వీడియో తియ్యడానికి కెమెరా అతను లైట్లు సర్దుతున్నాడు. కోడలు పొయ్యి తుడుస్తోంది. శాసనసభ్యుడి తల్లి చేతికి కూరగాయలిచ్చి, తరుగుతూ మాట్లాడమన్నారు. ఆవిడ వంట ఎంత ఘోరంగా ఉంటుందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

"నన్ను పొయ్యి దగ్గర చూస్తే ఎరిగినవాళ్ళు పడీ పడీ నవ్వుతారే!" అంది ఆవిడ.

"ఒక్క పూటే కదా అత్తయ్యా! ఆయనకి మంత్రి పదవి వచ్చే వేళ," అని కోడలు బతిమాలింది.

కొడుకు పైకొచ్చిందే అమ్మ కథ చెప్పి. వార్డు ఎన్నికల్లో, కుటుంబ విలువలు కాపాడతానంటూ మొదటిసారి మైకు పట్టుకుని, "మా అమ్మ గడప దాటి ఎరగదు, నన్ను పెంచడమే ఆవిడ లోకం" అన్నాడు. చప్పట్లు మోగాయి. రుచి మరిగినవాడు ఊరుకుంటాడా? కార్పొరేషన్‌కి వెళ్ళినా అదే మాట, శాసనసభకి రెండుసార్లు గెలిచినా అదే మాట. ఇప్పుడు ఆడవాళ్ళకి రాత్రి డ్యూటీలు నిషేధించే బిల్లు పెట్టాడు. అది నెగ్గితే మంత్రి పదవి ఖాయమని పార్టీ పెద్దలు మాటిచ్చారు. అసలు సంగతేమిటంటే, భర్త పోయాక ఆవిడ నూలు మిల్లులో రాత్రి డ్యూటీ చేసి కొడుకుని లా కాలేజీలో చదివించింది. వాడి బాగు కోసమే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.

కొడుకు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒక్క మాట చెప్పమ్మా, చాలు. ఆడది రాత్రిపూట ఇంట్లో ఉంటేనే పిల్లలు బాగుపడతారని."

"చెప్పను."

"అమ్మా!"

"నువ్వు చెప్పుకున్నన్నాళ్ళూ అడ్డు రాలేదు. నా నోటితో నన్నే లేకుండా చేసుకోమంటే ఎలారా? ఇప్పుడు ఆ మిల్లులో చేసే ఆడవాళ్ళ పిల్లలు ఏం తినాలి, నీ ఉపన్యాసాలా?"

కెమెరా అతను మెల్లగా బయటికి జారుకున్నాడు. కొడుకు ముఖం జేవురించింది.

"నా బాధ నీకేం తెలుసు? నువ్వు డ్యూటీకి వెళ్ళాక గడియ వేసుకుని, దుప్పట్లో ముడుచుకుని పడుకునేవాణ్ణి. చిన్న చప్పుడైనా గుండె ఆగిపోయేది. ఇంకే పిల్లాడికీ ఆ గతి పట్టకూడదనే ఈ బిల్లు. అబద్ధం ఓట్ల కోసమే ఆడలేదమ్మా. అలాంటి అమ్మ ఉంటే బావుండుననిపించేది నాకు!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"తెలుసురా. నీ ఏడుపు ఆగేదాకా తలుపు అవతలే నిలబడేదాన్ని. ఆలస్యంగా వెళ్ళి తిట్లు తినేదాన్ని. అయినా వెళ్ళాను. వెళ్ళినందుకు ఈ రోజుకీ సిగ్గుపడను. నీకు భయం వేసింది పక్కన మనిషి లేక. మిల్లులో పిల్లల్ని చూసుకునే గది పెట్టించు. అంతేగాని అమ్మ పని ఊడబెరికితే ఆ పిల్లాడికి భయం పోదు, దానికి ఆకలి తోడవుతుంది."

ఆ తలుపు అవతల అమ్మ ఉండేదని అతనికి ఇవాళే తెలిసింది. జుట్టు నెరిసిన మనిషి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కోడలు పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

కాసేపటికి కొడుకు లేచి కెమెరా అతన్ని పిలిచాడు. "వంటింట్లో వద్దు. హాల్లో కుర్చీ వెయ్యండి. అమ్మ ఏం చెబితే అదే తియ్యండి."

"మరి పదవి?" అంది కోడలు. అతను అమ్మ చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించాడు.

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"నేను నూలు మిల్లులో రాత్రి డ్యూటీ చేసి నా కొడుకుని పెంచాను. వాడు తెచ్చిన బిల్లు తప్పు. అది ఓడిపోవాలి."

కెమెరా అతను బిత్తరపోయి శాసనసభ్యుడి వైపు చూశాడు.

"ఆపకండి," అన్నాడు కొడుకు.