మూల ర్యాకు దగ్గర పెద్దాయన

ఆ ఆస్పత్రి నేలమాళిగలో రెండు గదులున్నాయి. ఒకటి శవాల గది, పక్కది సర్వర్ గది. శవాల గదంటే ఎవరికీ భయం లేదు. సర్వర్ గదంటేనే...

పట్టపగలు కూడా అటు వెళ్ళాల్సి వస్తే, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ మెట్లు దిగేవాళ్ళట.

ఇరవై రెండేళ్ళు ఆ గదిని కనిపెట్టుకుని ఉన్న పెద్దాయన ఒకరోజు పోయాడు. ఎలా పోయాడంటే ఎవరి కథ వాళ్ళది. గుండెపోటని ఒకరు, కరెంటు షాకని ఇంకొకరు. మూల ర్యాకు దగ్గర కుర్చీలో కూర్చుని కూర్చునే పోయాడని మిగతావాళ్ళు. పోయాక కూడా డ్యూటీ మానలేదన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. సాయంత్రం మొరాయించిన ప్రోగ్రాము ఎవరూ ముట్టుకోకుండానే తెల్లారేసరికి లేచి కూర్చునేది. ఆయన తర్వాత వచ్చిన ఇంజనీర్లు ఇద్దరూ ఆర్నెల్లు తిరక్కుండానే పారిపోయారు.

మూడోది ఒకమ్మాయి. ఇంట్లో వాళ్ళ నాన్న ముద్దుగా మొండిఘటం అని పిలిచేవాడు. ఆఫీసులో ముద్దు లేకుండా పిలిచేవాళ్ళు.

ఆ రాత్రి ఆమెకు పడ్డ పని — కొత్త జావా అప్లికేషన్ సర్వర్ ఎక్కించడం. ల్యాబులో తేలిన రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్ల కంప్యూటర్లకి చేరేది దాని మీదుగానే. పాతదాన్ని పదకొండింటికి ఆపాలి, ఆరింటికల్లా కొత్తది నిలబడాలి. ఏడింటికి మూడు ఆపరేషన్లున్నాయి.

"ఇన్‌స్టాలర్ ఆటోమేటిక్. అడిగేవాటికి జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసిపెడితే అదే చదువుకుని అదే ఎక్కించుకుంటుంది. నువ్వు చూస్తూ కూర్చోవడమే," అన్నాడు మేనేజరు. చెప్పి హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాడు.

వాచ్‌మన్ తాళం తీసి, చివరి మెట్టు మీదే ఆగిపోయాడు.

"మేడమ్... ఆ మూల కుర్చీలో మాత్రం కూర్చోకండి."

"ఇంకో కుర్చీ ఉందా?"

"లేదు."

కూర్చుంది.

ఇన్‌స్టాలర్ మొదలైంది. పది శాతం... ఇరవై... నలభై దగ్గర ఆగింది. ఎర్ర అక్షరాలు. మళ్ళీ నడిపింది. మళ్ళీ నలభై దగ్గరే. జవాబుల ఫైలు తెరిచి ఒక్కో వరసా చూసింది. తప్పేం కనిపించలేదు. మూడోసారీ అదే తంతు. గడియారం రెండు దాటింది.

మరోసారి ఫైలు తెరిచింది —

ఒక వరస మారి ఉంది. కొత్త సర్వర్ నడవడానికి కావాల్సిన జావా అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఎక్కడుందో చెప్పే వరస. అది ఆమె రాసింది కాదు.

నిద్రమత్తులో నేనే మార్చానేమో అనుకుని, మళ్ళీ మొదటిలాగే రాసి సేవ్ చేసింది. నీళ్ళు తాగింది. తెరిచి చూస్తే... మళ్ళీ మారి ఉంది.

వెనక్కి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. వీపు మీద ఏసీ గాలి అని తనకు తానే గట్టిగా చెప్పుకుంది.

అప్పుడు తెర మధ్యలో ఒక్కో అక్షరమే లేచి ఒక వాక్యం అయింది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు.

"ఆ మిషన్లో రెండు జావాలున్నాయమ్మా. నువ్వు పాతదాన్ని చూపిస్తున్నావు."

ఎలాగో టైప్ చేసింది — "ఎవరు మీరు?"

"ముందు పని."

చచ్చినవాడైనా చెప్పింది సబబుగానే ఉందనిపించింది. ఫైలు ముట్టుకోకుండా ఇన్‌స్టాలర్ని మళ్ళీ నడిపింది. నలభై దాటింది. డెబ్బై... తొంభై... వంద. ల్యాబులో రాత్రి డ్యూటీ కుర్రాడికి ఫోన్ చేసి ఒక రిపోర్టు పంపించమంది. అది చిటికెలో వార్డుకి చేరింది. అప్పటికి నాలుగు కావస్తోంది.

తెర మీద ఇంకో వరస వచ్చింది. మాటలు కాదు, ఫోన్ నంబరు.

ఇంకొకరైతే మెట్లెక్కి పరిగెత్తేవాళ్ళు. మొండిఘటం కదా, చేసింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"పన్నెండేళ్ళ నాటి జావా అమ్మా అది. తీసేద్దామనుకుంటూనే మర్చిపోయాను," అంది ముసలి గొంతు, గుసగుసగా.

"మీరు... మీరు పోయారు కదండీ?" తనూ గుసగుసగానే అడిగింది.

"పోయాను. రిటైరయ్యాను, ఇంటికి పోయాను. ఇంకెక్కడికి పోతాను?"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన వెళ్ళేటప్పుడు ఆయన లాగిన్ తీసేయడం ఎవరికీ తట్టలేదట. నిద్రపట్టని రాత్రి ఇంట్లోంచే ఆ లాగిన్‌తో ఓసారి తొంగిచూసి, ఏదైనా పడిపోయి ఉంటే లేపి పడుకుంటాడట.

ఇంతలో ఫోన్ చేతులు మారింది. ఈసారి ఆడగొంతు. గుసగుస లేదు.

"అమ్మాయ్, అక్కడ ఈయన చచ్చిపోయాడనుకుంటున్నారా?"

"అవునండీ... అందరూ."

"అలాగే అనుకోనీ తల్లీ. బతికున్నాడని తెలిస్తే రోజూ పిలుస్తారు. ఇరవై రెండేళ్ళు, రాత్రయితే ఇంట్లో కనిపించని మనిషితో కాపురం చేశాను. ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాడు. ఆ లాగినో ఏదో, నీకు పుణ్యముంటుంది, పీకి పారెయ్."

అడిగినా అడక్కపోయినా అది తను చెయ్యాల్సిన పనే. ఆయన పేరు వెతికి పట్టుకుంది. నిజంగానే తొలగించాలా అని కంప్యూటర్ అడిగింది. ఆ అడగడం చూస్తే మనసు చివుక్కుమంది. అయినా అవునని నొక్కింది. పేరు మాయమైంది. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది.

సంచీ భుజాన వేసుకుని లైటు ఆర్పబోతుంటే — తెర వెలిగింది.

"ఇంకో పేరుతో ఇంకొకటుంది. ఆవిడకి చెప్పకు."