కొయ్యని గొట్టం

ప్రహ్లాద్ అనే ఆ పెద్దమనిషి గురించి మంచి మాట ఒక్కటి చెప్పమంటే, భార్యంటే ప్రాణం అని చెప్పవచ్చు. అంతే. మిగతాదంతా శవాల మీద పేలాలు ఏరుకునే రకం.

నారాయణగూడ సందులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఆయన సూపర్‌వైజరు. అక్కడి చెత్త కూడా ఆయన కిందే. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ మే నెల అది. రోగి మూతికి పెట్టిన ఆక్సిజన్ మాస్కును, దాని గొట్టాన్ని వాడగానే కత్తెరతో కోసి, రెండు సంచుల్లో కట్టి పంపాలి. బయట వాటిని ఆవిరిలో ఉడికించి, ముక్కలు చేసి, ఆ ప్లాస్టిక్‌ను ఇంకో పనికి వాడతారు. ముందే కోయడం ఎందుకంటే, ఎవడూ దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఇంకొకరి మూతికి పెట్టకుండా. ప్రహ్లాద్‌లాంటి వాళ్ల కోసమే పెట్టిన నియమం.

ఆ కోసే పని మాసమ్మది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి చిక్కడపల్లి వెనక బస్తీలో ఉంటుంది. రోగి పోయాక గొట్టం కోస్తూ "పో నాయనా, పైలంగ పో" అనేది.

"ఎవరితో మాట్లాడుతున్నవ్?" అని అడిగాడు ఒకరోజు ప్రహ్లాద్.

"పోయినోళ్లకు మొలతాడు తెంపుతం గద సారూ, గట్లనే ఇది. ఆఖరి ఊపిరి దీంట్లనే ఉంటది. కొయ్యకుంటే ఇడిసిపెట్టి పోదు."

ఆయన పకపకా నవ్వాడు. "పురాణం బంద్ చెయ్. రేపటి సంది ఏదీ కొయ్యకు, గట్లనే మూట కట్టు" అని ఆమె చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు.

రాంనగర్‌లో ఒక పాత సామాన్ల వాడు ఆ మాస్కులను బ్లీచింగ్ నీళ్లలో ముంచి తీసి, కొత్త కవర్లలో పెట్టి, అంచులు అతికించి తిరిగి పంపేవాడు. అవి కింది స్టోరులో కొత్త సరుకు పక్కనే చేరేవి. వాడాక మళ్లీ అదే దారి; ఒక్కో మాస్కు ముగ్గురు నలుగురి మూతులు తిరిగేది. లాభం చెరిసగం. ఎవరి మూతి మాస్కు ఎవరికి వెళ్లిందో ఆ మహానుభావుడికి పట్టలేదు.

పది రోజులు తిరగకుండానే ఆయన భార్య ఉదయశ్రీ మంచం పట్టింది. ఆసుపత్రిలో ఒక్క పడకా ఖాళీ లేదు, సూపర్‌వైజరైనా సరే. దోమలగూడ నుంచి బావమరిది రామచంద్రరావు ఆక్సిజన్ మిషను పంపాడు గానీ, దానికి మాస్కు లేదు. అశోక్‌నగర్ నుంచి సుల్తాన్ బజార్ దాకా ఏ మందుల షాపులోనూ దొరకలేదు. ఉదయశ్రీ వేలికి పెట్టిన మీటరు ఎనభై ఆరు చూపిస్తోంది.

మధ్యాహ్నం రెండింటికి ఆయన స్టోరులోకి దిగాడు. లాక్‌డౌన్, రోడ్డు మీద పురుగు లేదు. కరెంటు పోయింది, జనరేటరు పై వార్డులకే. మెట్ల మీది నుంచి పడే మసక వెలుగు తప్ప లోపల చీకటే. బ్లీచింగ్ వాసన, దాని అడుగున ఇంకేదో పుల్లటి వాసన... జ్వరం మనిషి నోటి వాసన. అరల నిండా మాస్కులే. వీటిలో ఏది కొత్తది? అన్నీ ఒకే రకం కవర్లు, ఒకే రకం అతుకులు. తేడా తెలియనంత శుభ్రంగా చేయించిన ఘనుడు తానే కదా.

అప్పుడు చప్పుడు వినిపించింది. సన్నగా, కవరు నలిగినట్టు.

ఎలుకేమో అనుకున్నాడు. దగ్గరికి వంగి చూశాడు. ఒక కవరు ఉబ్బింది... అణిగింది. పక్కది ఉబ్బింది... అణిగింది. అర పొడవునా అంతే. నిదానంగా. ఆయాసపడుతూ.

ఒక్క కవరు మాత్రం ఊపిరి బిగబట్టినట్టు కదలలేదు. ఇదే కొత్తది అయి ఉంటుందని దాన్ని పట్టుకుని, చెప్పులు వదిలేసి మెట్లు ఎక్కాడు.

ఇంట్లో మాస్కు పెట్టగానే మీటరు తొంభై దాటింది. తొంభై ఏడు మీద ఆగింది. ప్రహ్లాద్ మంచం అంచున కూర్చుని చెమట తుడుచుకున్నాడు. మాసమ్మ మాటలు తలచుకుని నవ్వాడు కూడా. సిగ్గన్నది ఉంటే కదా!

కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఉదయశ్రీ ఛాతీ ఒకసారి లేస్తే మాస్కు మీద ఆవిరి రెండుసార్లు పడుతోంది. లెక్కపెట్టాడు. రెండు కాదు... మూడు.

మాసమ్మకు ఫోన్ చేసి, జరిగింది చెప్పాడు.

"కోస్తే పోతరు సారూ" అంది ఆమె గుసగుసగా. "గని, అమ్మగారి ఊపిరి గూడ ఇప్పుడు దాంట్లనే ఉన్నది గద. ఎవరు పోతరో నేనెట్ల చెప్పాలె?"

ఆయన ఉదయశ్రీ మూతి మీది మాస్కు పైకి లేపాడు. తొంభై... ఎనభై... డెబ్బై రెండు. ఆమె పెదవులు నల్లబడ్డాయి. గబగబా మళ్లీ పెట్టేశాడు. తొంభై ఏడు.

ఉదయశ్రీ కళ్లు తెరవలేదు. మెల్లగా గోడ వైపు జరిగింది. ఇంకొంచెం జరిగింది. మంచం సగం ఖాళీ అయింది.

"ఏం చేస్తున్నవ్, ఉదయా?"

"చోటు ఇస్తున్న" అంది మాస్కులోంచి. "నిలబడి నిలబడి వాళ్ల కాళ్లు గుంజుతున్నయంట."

ఆయన చుట్టూ చూశాడు. గదిలో వాళ్లిద్దరు తప్ప ఎవరూ లేరు.

"మీరు గూడ జర లేవండి" అంది ఆమె. "ఇంకొకరున్నరంట."

ప్రహ్లాద్ లేచాడు. ఆయన కూర్చున్న చోట పరుపు పైకి రాలేదు.