క్లబ్‌హౌస్‌లో శనివారం

"ఈ నోటీసు నాకెందుకు సార్? బయటికి పొమ్మంటున్నది వాళ్ళని. వాళ్ళకే చదివి వినిపించండి."

ఆ అమ్మాయి కాగితం చేతిలోకి తీసుకోనైనా లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, పక్షవాతంతో బిగుసుకుపోయిన ఒక పెద్దాయన చేతివేళ్ళని ఒక్కొక్కటే మెల్లగా విప్పుతోంది.

జశ్వంత్ ఇబ్బందిగా చుట్టూ చూశాడు. కొండాపూర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ అది. పద్దెనిమిది మంది పెద్దవాళ్ళు గుండ్రంగా కుర్చీలు వేసుకుని, చేతుల్లో తలా ఒక టవల్ పట్టుకుని అతన్నే చూస్తున్నారు. వాళ్ళలో అతని మామ్మ పద్మావతి గారు కూడా ఉన్నారు. ఆవిడ పేరున ఉన్న ఫ్లాట్లోనే అతనుంటాడు.

హైటెక్ సిటీలో వారమంతా కస్టమర్ల కంప్లయింట్లు వింటాడు జశ్వంత్. అసోసియేషన్ మీటింగులో ఎవరూ ముందుకు రాకపోతే మొహమాటపడి చెయ్యెత్తిన పాపానికి జాయింట్ సెక్రటరీ అయ్యాడు. అప్పట్నుంచి శని, ఆదివారాలు లిఫ్టు కంప్లయింట్లు కూడా వింటున్నాడు.

గొంతు సవరించుకుని చదివాడు. "వచ్చే శనివారం నుంచి క్లబ్‌హౌస్‌లోకి బయటివారికి ప్రవేశం లేదు. నివాసితుల భద్రత దృష్ట్యా..."

"ఆపినవేంది సారూ?" అన్నాడు ఆ పెద్దాయన. పేరు నర్సయ్య. వెనక బస్తీలో ఉంటాడు. కూతురు ఇదే అపార్ట్‌మెంట్లో నాలుగిళ్ళలో పని చేస్తుంది. "నాకు ఒక చెయ్యి లేవది, ఒక కాలు లేవది. నన్ను జూసి భయపడుతున్నరా?"

కుర్చీల్లో నవ్వులు. జశ్వంత్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"ఈ నేల మీద బండలు నేనే పరిచిన. అప్పుడు లోపలికి రావొద్దని ఎవ్వరు అనలే."

"మామ్మా, నువ్వైనా కాస్త చెప్పు."

"నేనేం చెప్తానురా? పూర్తిగా చదువు. గొంతు తగ్గించకు, వెనకున్న వాళ్ళకి వినపడదు," అన్నారు పద్మావతి గారు.

అతను పూర్తిగా చదవలేకపోయాడు.

ఆ అమ్మాయి పేరు రూబీ. దగ్గర్లోని క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. రెండేళ్ళుగా నలుగురు స్నేహితులతో కలిసి ప్రతి శనివారం పదింటికి వస్తోంది. ఫ్లాట్లలో పెద్దవాళ్ళకి, బస్తీలో పెద్దవాళ్ళకి కలిపే వ్యాయామాలు చేయిస్తారు, బీపీ చూస్తారు, పెన్షన్ కాగితాలు నింపిపెడతారు. ఇంట్లో ఈ పెద్దవాళ్ళని చూసుకునే ఆడవాళ్ళకి ఆ రెండు గంటలే వారానికంతా తీరిక.

వ్యాయామాలు అయ్యాక జశ్వంత్ మెట్ల దగ్గర ఆమెని అందుకున్నాడు. "మేడమ్, ఒక్క నిమిషం. ఇది నా నిర్ణయం కాదండీ, కమిటీది."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి చెయ్యి కమిటీదా?"

జశ్వంత్ నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే శనివారం పదింటికి మేం ఇక్కడే ఉంటం. లోపలైనా సరే, బయటైనా సరే."

"తాళం వేస్తారండీ."

"ఎయ్యనీయండి," అని స్కూటీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆఫీసులో అతను ఏ మెయిల్ కింద పేరు టైప్ చేసినా ఆ ప్రశ్న చెవిలో గింగురుమంది.

శనివారం అన్నట్టే క్లబ్‌హౌస్‌కి తాళం పడింది. తెల్లారి నుంచి ముసురు కూడా పట్టింది. పై నుంచి చూసిన జశ్వంత్‌కి కళ్ళు నమ్మబుద్ధి కాలేదు. గేటు పక్కన పోర్టికో కింద కుర్చీలు వేసి ఉన్నాయి. ఫ్లాట్లలో వాళ్ళకి లిఫ్టెక్కి ఇంటికెళ్ళే వీలుంది. ఒక్కరూ వెళ్ళలేదు. రూబీ మధ్యలో నిలబడి అంకెలు లెక్కపెడుతోంది. వాన చప్పుడు పెరిగేకొద్దీ ఆమె గొంతు కూడా పెరుగుతోంది.

గొడుగు తీసుకుని పరుగున కిందకి దిగాడు. గేటు దాకా వచ్చేసరికి ఒక్క గాలి దెబ్బకి గొడుగు వెనక్కి తిరగబడింది.

రూబీ మొదటిసారి నవ్వింది. "గొడుగు కూడా కమిటీదేనా?"

తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. వాన నీళ్ళు కనురెప్పల మీద ఆగి ఆగి జారుతున్నాయి. తిరగబడ్డ గొడుగుని సరిచేసుకోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు జశ్వంత్.

"ఊరికే తడవకండి. ఈ పక్క పట్టుకోండి."

అతను నర్సయ్య మోచేతి కింద చెయ్యి వేశాడు. పోర్టికో ర్యాంపు మీద ఒక్కో అడుగూ వేయించారు. పోయిన వారం ఆరు అడుగులు. ఈ రోజు ఏడోది కూడా పడింది. నర్సయ్య ఆయాసపడుతూనే మీసం మీద చెయ్యేశాడు.

"జశ్వంత్! నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?" కారు అద్దం దించి అడిగారు ప్రెసిడెంట్ శ్రీనివాసరావు గారు.

"నడిపిస్తున్నానండీ."

"సెక్రటరీవి నువ్వు! గేటు దగ్గర ఈ గుంపేమిటి? వచ్చే వారం ఇక్కడ కూడా ఉండటానికి వీల్లేదు." అద్దం పైకి లేచింది.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడతపెడుతూ అడిగాడు జశ్వంత్. "ఎందుకండీ ఇంత మొండితనం? బస్తీలోనే ఎక్కడైనా పెట్టుకోవచ్చు కదా?"

"ర్యాంపు ఉన్న గది, పట్టుకొని నడిచేతందుకు రాడ్డు, కూలర్ నీళ్ళు. బస్తీల ఏడున్నయ్ చెప్పుండ్రి." కోపమొస్తే ఆమె మాటలోకి బాలానగర్‌లోని పుట్టింటి యాస వచ్చేస్తుందని అప్పుడే గమనించాడు. ఆమె చేతిలోని కుర్చీని మడిచి పక్కన పెట్టింది. "నేను ఇంటర్ల ఉన్నప్పుడు మా అమ్మకు గిట్లనే అయింది. వారానికోసారి ఎవరన్నా వచ్చి వేళ్ళు విప్పితే, ఆమె చేత్తోని ఆమె తినేది. ఎవ్వరు రాలే. పోయేదాక నేనే తినిపించిన."

జశ్వంత్ ఇంటికెళ్ళి నలభై ఆరు పేజీల అసోసియేషన్ రూల్ బుక్ ముందేసుకుని కూర్చున్నాడు. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. ప్రతి ఫ్లాటు వాళ్ళూ రోజుకి నలుగురు గెస్టుల్ని క్లబ్‌హౌస్‌కి తీసుకురావచ్చు. రిజిస్టర్‌లో రాస్తే చాలు.

మామ్మకి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఫోన్ అందుకున్నారు. అరగంటలో ఆ మాట మూడు బ్లాకులూ తిరిగొచ్చింది.

మూడో శనివారం క్లబ్‌హౌస్ తలుపు ముందు క్యూ కట్టారు. రిజిస్టర్ పక్కన శ్రీనివాసరావు గారే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"గెస్టంటే సరిపోదండీ. సంబంధం అని ఒక కాలమ్ ఉంది. అది నింపాలి. ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఒప్పుకోను."

పద్మావతి గారు పెన్ను తీసుకున్నారు. 'నర్సయ్య. తమ్ముడు.'

"తమ్ముడేమిటండీ?"

"నాకు సొంత తమ్ముళ్ళు ముగ్గురండీ. మొన్న నేను కళ్ళు తిరిగి పడబోతే వాళ్ళెవరూ పట్టుకోలేదు. ఆడే చెయ్యి ఒక్కటే ఉన్నా, దాంతోనే ఈయన పట్టుకున్నాడు. ఇది కొట్టెయ్యండి చూద్దాం."

ఆయన కొట్టెయ్యలేదు. వెనకాల మరో ఫ్లాటు యజ్ఞనారాయణ గారు, కూరగాయలమ్మే ముసలామెని చూపిస్తూ 'చెల్లెలు' అని రాశారు. ఆ వెనక వదిన, బాబాయి, మేనత్త. రూబీ స్నేహితులు నలుగురూ ఎవరో ఒకరికి మనవలయ్యారు. పేజీ నిండింది. చివర్లో మిగిలింది రూబీ. ఆమె కూడా బయటి మనిషే.

"మా ఫ్లాటు తరఫున ఇంకా ముగ్గురు గెస్టులకి చోటుంది," అంటూ జశ్వంత్ ముందుకొచ్చాడు. ఆమె పేరు రాశాడు. తర్వాతి కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోయింది.

"ఫ్రెండ్ అని రాయుండ్రి, లేటైతుంది," అంది రూబీ.

"మీరు నాతో పోట్లాడటం తప్ప ఫ్రెండ్‌లా ఒక్క మాటన్నా మాట్లాడలేదండీ. అబద్ధం ఎలా రాయను?"

"ఖాళీ వదిలితే కుదరదయ్యా," అన్నారు శ్రీనివాసరావు గారు.

జశ్వంత్ మొహం చెవుల దాకా ఎర్రబడింది. అయినా రాశాడు. ఆయన రిజిస్టర్ తిప్పుకుని పైకే చదివారు. "'ఇంకా అడగలేదు'... ఇదేం సంబంధం?"

లోపల కుర్చీల చప్పుడు ఆగిపోయింది. నర్సయ్య ఒక్కడే పెద్దగా అన్నాడు. "మంచిగున్నది! గింతమంది ముంగట రాస్తివి, ఆమెను అడుగుడు మర్సినవ్!"

రూబీ రిజిస్టర్ వైపు చూడలేదు. జశ్వంత్ వైపు కూడా చూడలేదు. "కాలమ్ నిండింది కదా సార్. ఇగ జరగండి," అని శ్రీనివాసరావు గారి పక్కనుంచి లోపలికి నడిచింది. ఆ రోజు అంకెలు లెక్కపెడుతూ మూడు తర్వాత ఐదు అంది. పద్దెనిమిది మందీ ఐదే చేశారు.

తాళం మళ్ళీ పడలేదు. రెండు నెలల శనివారాలు గడిచాయి. బీపీ చూడటం జశ్వంత్ నేర్చుకున్నాడు. ఒక రోజు కుర్చీలు సర్దాక రూబీయే అడిగింది.

"ఇంకా అడగలేదా?"

"పెళ్ళి చేసుకుంటారా?" అనేశాడు ఒక్క ఊపిరిలో.

"నేను చర్చి మానను. పేరు మార్చుకోను. ఇక్కడికి వచ్చుడు ఆపను."

"ఆపమని నేనెప్పుడన్నాను?"

"మీ వాళ్ళంటరు."

"అంటారు. ఈసారి మాత్రం సంతకం పెట్టను."

ఆమె తల తిప్పేసుకుంది. కానీ నవ్వుని అతను చూసేశాడు.

కాకినాడ నుంచి నాన్న ఫోన్లోనే తేల్చేశారు. "మేం రాం. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో." అమ్మ ఫోన్ అందుకోనే లేదు. జశ్వంత్ తల పట్టుకుని కూర్చుంటే పద్మావతి గారు పట్టుచీర కట్టుకుని హాల్లోకి వచ్చారు.

"ఎక్కడికి మామ్మా?"

"బాలానగర్. ఆటో పిలువు. పెద్దవాళ్ళు లేకుండా పిల్లనడగడానికి వెళ్తారట్రా?"

రూబీ నాన్న ఇస్సాకు గారు బాలానగర్‌లో లేత్ మెషిన్ మీద ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళని కూర్చోబెట్టి, తనే చాయ్ పెట్టి తెచ్చి, సూటిగా అడిగారు.

"అమ్మా, మీ కొడుకు కోడలు వద్దన్నరంట గద. రేపు నా బిడ్డ మీ గడపల తల దించుకొని బతకాల్నా?"

రూబీ ఏదో అనబోయింది. పద్మావతి గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ ఇల్లు నాదండీ. వాళ్ళు ఒప్పుకునేదాకా మీ అమ్మాయి అందులో తలెత్తుకునే తిరుగుతుంది. ఒప్పుకోకపోయినా తలెత్తుకునే తిరుగుతుంది."

ఇస్సాకు గారు ఖాళీ చాయ్ కప్పులు పక్కకి జరిపారు. తర్వాత జశ్వంత్ వైపు తిరిగారు. "దీని కోపం జూసినవా?"

"ముందు అదే చూశానండీ."

ఆయన మీసాల్లో నవ్వు కదిలింది. లేచి ఇద్దర్నీ దగ్గరికి పిలిచి, వాళ్ళ తలల మీద చెరో చెయ్యీ పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. పోయిన భార్య రాహేలు ఉంటే ఎంత సంతోషించేదో అన్న మాట ఆయన రెండుసార్లు అన్నారు. అన్నాళ్ళూ ఎవరి ముందూ తల వంచని రూబీ, నాన్న చేతి కింద తల వంచుకుని ఏడ్చింది.

ప్రార్థన ముగిసింది. అందరికంటే ముందు, గట్టిగా, "ఆమెన్" అన్నది పద్మావతి గారే.